ఉరుము ఉరిమి మంగలం మీద

విమర్శకులు కావ్యాలను పట్టుకుంటారు, నవలలను పట్టుకుంటారు. సామెతను ఎవరూ సమీక్షించరు. రాసిన మనిషి పేరు లేదు గదా, ఎవరిని నిలదీస్తాం? కాని నవల చదవని ఇల్లుంటుందేమో గాని సామెత పలకని ఇల్లు మన తెలుగువాళ్ళలో లేదు. అంచేత ఈసారి నేను సామెతలతోనే మొదలుపెడతాను.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట." మా రెంజల్ వైపు తోడికోడలిని యారాలు అంటారు. మాట మారింది గాని సామెత మారలేదు. ఒంటి దెబ్బ కంటె పరువు దెబ్బ పెద్దదని చెప్పడానికి వాడతాం. వాడుకకి బాగానే ఉంది. ఒక్కసారి దాన్ని కథగా చదివి చూడండి. ముగ్గురు మనుషులున్నారు. ఏడ్చినావిడ ఎందుకు ఏడ్చిందో చెప్పారు. నవ్వినావిడ తప్పు ఎత్తిచూపారు. కొట్టినవాడి సంగతి? ఒక్క ముక్క లేదు. ఎందుకు కొట్టాడని ఎవరికీ అడగాలనిపించలేదు. పొద్దు పొడిచింది, వాన కురిసింది, మొగుడు కొట్టాడు! ఇద్దరాడవాళ్ళ మధ్య తగువుగా కథ ముగిసిపోయింది.

ఇంకొకటి. "మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందట." ఇందులో కొట్టిందీ భార్యే, ఊరి ముందుకొచ్చి మొరపెట్టుకుందీ భార్యే. ఇంట్లో పడ్డ దెబ్బల గురించి బయటికొచ్చి చెప్పుకున్న ఆడది సామెతలోకి ఎక్కిందంటే, అబద్ధాలకోరుగానే ఎక్కిందన్నమాట. నిజం చెప్పడానికి మొగసాలకెక్కిన ఆడదాని మీద సామెత నేనెన్నడూ వినలేదు.

మూడోది, "ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు." మంగలమంటే ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. పేలాలూ గింజలూ వేయించుకునే మట్టిపాత్ర. ఎక్కడో ఆకాశంలో ఉరిమితే వంటింట్లో పాత్ర పగిలింది. ఈ మూడింటిలో ఇదొక్కటే దెబ్బ పుట్టిన చోటు వైపు చూసింది. కోపం ఎక్కడ పుట్టింది, ఎక్కడ వచ్చి పడింది అని లెక్కగట్టింది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద మాటల్లో చెప్పేదీ సుమారుగా ఇదే. ఒక్క చోట మాత్రం సామెత పొరబడింది. పిడుగు మంగలాన్ని ఎంచుకోదు. మనిషి ఎంచుకుంటాడు.

ఆ ఎంచుకోవడం గురించి మన కథలూ, నవలలూ, సినిమాలూ ఏం చెప్పాయన్నదే నా ప్రశ్న. దెబ్బలు తిన్న ఆడదాని గురించి మనవాళ్ళు చాలా రాశారు, చదివేవాళ్ళ కళ్ళు తడిసేలా రాశారు. కొట్టే మగవాడి తలకాయలో ఏం జరుగుతోందో తలుపు తీసి చూసినవాళ్ళు ఎందరు?

'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు ఉన్నాడు. పేరులోనే నిప్పు పెట్టాడు గురజాడ. 1897లో అచ్చయిన నాటినుంచీ ఆ పెద్దమనిషి కోపం చూసి మనం నవ్వుతూనే ఉన్నాం. నవ్వాల్సిందే, గురజాడ నవ్వించడానికే రాశాడు. కాని ఆ ఇంట్లో వెంకమ్మ కూతురి పెళ్ళి ఆపలేక నూతిలో దూకింది. బయటికి తీశారు, బతికింది. నాటకం ముందుకు సాగిపోయింది. అవధాన్లు కోపిష్టి, అంతే. మన భాషలో 'కోపిష్టి' అన్న మాటకి ఎంత వెసులుబాటు ఉందో గమనించారా? అది తిట్టూ కాదు, జబ్బూ కాదు. ఒకరికి ఉబ్బసం ఉన్నట్టు, ఒకరికి మెల్లకన్ను ఉన్నట్టు, ఇంకొకరికి కోపం ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు సర్దుకోవాలి. మొగుడు కోపిష్టి అని పెళ్ళిచూపుల్లోనే చెప్పి పిల్లనిచ్చిన ఇళ్ళు నేనెరుగుదును. "కోపం వస్తే మనిషి కాదు గాని మనసు వెన్న" అని సర్టిఫికెట్టు కూడా ఇస్తారు. కోపిష్టి కోడలు ఉంటే మాత్రం ఆ మాట చెప్పి పెళ్ళి చేసిన తండ్రిని చూపించండి!

ఇక పత్రికల్లో సీరియళ్ళ కాలం. అరవైలు, డెబ్బైలు, ఎనభైలు. ఆడవాళ్ళు రాశారు, ఆడవాళ్ళు చదివారు. పత్రిక వచ్చిన రోజు వంట ఆలస్యమయ్యేది. వంటింటి గోడల వెనక జరిగేది ఫలానా అని అచ్చులో పెట్టిన ఘనత ఆ రచయిత్రులదే, అది ఎవరూ కాదనలేరు. రంగనాయకమ్మ 'జానకి విముక్తి' ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా వస్తూ మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత పుస్తకంగా వచ్చింది. భర్త చేతుల్లో, అత్త చేతుల్లో జానకి నలిగిన తీరు చదివి "ఇది మా పక్కింటి కథ" అన్నవాళ్ళు ఎందరో. మా ఇంటి కథ అని మాత్రం ఎవరూ అనరు, అది వేరే సంగతి.

ఆ నవలలో భర్త లోపలి మనిషి మనకు కనపడడు. రచయిత్రికి అక్కర్లేదు గనుక కనపడడు. ఆవిడ చూపంతా జానకి ఎలా బయటపడుతుందన్న దాని మీద. ఆవిడకి వాడొక జబ్బుమనిషి కాదు, ఆడది మగవాడి మీద ఆధారపడి బతికే ఏర్పాటులో పుట్టిన మామూలు మొగుడు. ఆ లెక్క ఆవిడకి స్పష్టంగా ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. నా పేచీ ఆవిడతో కాదు, అదే కాలంలో వచ్చిన బోలెడన్ని ఇతర సీరియళ్ళతో. వాటిలో కొట్టే మొగుడికి రెండే రెండు దారులు. ఒకటి, పుట్టు రాక్షసుడు, వాడి వెనక ఇంకో రాక్షసి తల్లి. రెండు, మంచివాడే గాని తాగుడో, జూదమో, చెడు స్నేహమో పట్టుకుంది. మొదటివాడు చివరి వారానికి చస్తాడు, లేకపోతే జైలుకి పోతాడు. రెండోవాడికి టైఫాయిడ్ వస్తుంది. అదేమి టైఫాయిడ్ గాని, పదిహేనేళ్ళ అలవాటు పదిహేను రోజుల జ్వరంతో దిగిపోతుంది! భార్య తలదగ్గర కూర్చుని తడిగుడ్డ వేస్తుంది, వాడు కళ్ళు తెరుస్తాడు, చెయ్యి పట్టుకుంటాడు, 'సమాప్తం'. ఆ జ్వరం కోసం ఎదురుచూస్తూ ఏళ్ళు గడిపిన పాఠకురాళ్ళున్నారు. నేను వేళాకోళం ఆడటంలేదు. కథ మనకి ఓదార్పు ఇస్తుంది, ఆ ఓదార్పు కొందరి కాపురాల్లో చాలా ఖరీదు పడింది.

తాగుడు సంగతికి వద్దాం, ఎందుకంటే ఎక్కడ చూసినా మొదట చెప్పే కారణం అదే.

తెలుగునేల మీద ఒక కథ చదివి ఆడవాళ్ళు కదిలిన ఘట్టం ఒకటుంది. అది మహాకావ్యం కాదు, నవల కాదు, అక్షరాస్యత ఉద్యమంలో పెద్దల కోసం రాసిన వాచకంలో పాఠం, 'సీతమ్మ కథ'. తాగుబోతు మొగుళ్ళతో వేగలేక ఊరి ఆడవాళ్ళు ఒక్కటై సారా దుకాణం మూయించిన కథ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు నిజంగానే ఆ పని చేశారు. అక్కణ్ణించి ఆ నిప్పు జిల్లాలు దాటి వ్యాపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో మళ్ళీ సడలింపు. ఒక పాఠం ఇంత పని చేసిందంటే రాసేవాళ్ళందరికీ అసూయ పుట్టాలి. ఎందుకు పనిచేసింది? అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్ళ చేతిలో వాళ్ళ బతుకే పాఠంగా పడింది గనుక. అందులో నీతి బోధ కంటె ఆచూకీ ఎక్కువ ఉంది. దుకాణం ఎక్కడుందో అందరికీ తెలుసు, నడిచి పోవచ్చు, తాళం వేయొచ్చు.

విమర్శకురాలిగా నాకు తోచే కొరత కూడా అక్కడే ఉంది. దుకాణానికి తాళం వేయొచ్చు. మనిషికి ఎలా వేస్తాం? 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద తరచుగా తాగి వచ్చే మొగుళ్ళున్న ఆడవాళ్ళలో నూటికి 70 మంది శారీరకంగానో లైంగికంగానో హింసకి గురయ్యారు. అసలు తాగని మొగుళ్ళున్న వాళ్ళలో నూటికి 23 మంది. తాగుడుకీ దెబ్బలకీ ఎంత చుట్టరికముందో చెప్పడానికి 70 చాలు. నేను మాత్రం 23 దగ్గర ఆగిపోయాను. చుక్క ముట్టనివాళ్ళ ఇళ్ళల్లో నలుగురిలో ఒకామె దాకా! వీళ్ళ కోసం ఏ దుకాణానికి తాళం వెయ్యాలి? సీతమ్మ కథలో వీళ్ళకి పాఠం లేదు. మన సీరియళ్ళలో అసలే లేదు. తాగని మొగుడు మన కథల్లో పుట్టుకతోనే సగం మంచివాడు.

మా నిజామాబాదు జిల్లాలో తాగుడు కథ ఇంకాస్త చిక్కుది. ఇక్కడ కల్లంటే ఈతచెట్టు నుంచి దిగిన కల్లే అనుకోకండి. నిద్రమాత్రల మందులు, అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్, కలిపి అమ్మే కల్తీకల్లు ఇటు పక్క ఎన్నో ఏళ్ళుగా పాతుకుపోయిన జాడ్యం. 2015లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసరికి ఏమైంది? చేతులు వణుకుతూ, నిద్రలేక, పిచ్చిచూపులు చూస్తూ, మూర్ఛలొచ్చి జనం ఆసుపత్రులకు బారులు కట్టారు. తాగినప్పుడు ఒక మనిషి, మందు తగ్గినప్పుడు ఇంకో మనిషి. ఆ రెండో మనిషి చిరాకు, అనుమానం, వణుకు అన్నీ ఇంట్లోవాళ్ళ మీదికే వస్తాయి. "తాగితె కొడ్తడు" అన్నమాటే మనకి తెలుసు. 'తాగక కొడ్తడు' అన్నదీ ఒక జబ్బు లక్షణమేనని ఏ కథా చెప్పలేదు. వైద్యం ఉన్న సంగతి అసలే చెప్పలేదు. ఒక్కరోజులో మానిపించకూడదనీ, డాక్టరు పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలనీ తెలిసిన ఇల్లాలు వందలో ఎందరు?

ఇంతకీ మత్తులో ఉన్నవాడికి ఒళ్ళు తెలియదంటారే, ఆ మాటని మా వాడకట్టులో బీడీలు చుట్టే ఒకామె నా ముందు చిత్తు కాగితంలా చింపేసింది. చాటలో తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండా చెప్పింది. "మత్తుల ఏం సోయి ఉండదంటరు గద! గిన్నె ఇసిరిండు, పలక పలగ్గొట్టిండు, నన్ను కొట్టిండు. టీవీని మాత్రం ముట్టలే. దానికి ఇంక కిస్తీలు గట్టాలె గద." ఇంత సూక్ష్మమైన మనస్తత్వ పరిశీలన నేను ఏ నవలలోనూ చదవలేదు. సోయి లేనివాడికి కిస్తీలు ఎలా గుర్తున్నాయి?

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దగ్గరికి రండి. 1937లో నిజాం కాలంలో వెలసిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. చెరకు బండ్లు బారులు తీరిన కాలంలో మా రెంజల్ మనిషి ఎవరైనా "ఫ్యాక్టరీల ఉన్న" అంటే పిల్లనివ్వడానికి ఎగబడేవారు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. నెలజీతం తెచ్చే మనిషి ఒక్కరోజున ఇంట్లో అరుగు మీద కూర్చునే మనిషయ్యాడు. భార్య బీడీలు చుట్టి తెచ్చిన డబ్బుతో ఉప్పూ పప్పూ వస్తున్నాయి. చాలామంది గల్ఫ్ దారి పట్టారు. కొందరు అప్పులు తీరకుండానే తిరిగొచ్చారు. బయట తలెత్తుకోలేని మగవాడు ఇంట్లో తల ఎత్తి చూపించుకోవాలనుకుంటాడు. ఉరుము అక్కడ, మంగలం ఇక్కడ.

ఇది కారణం కాదని నేననను. పని పోవడం, అప్పు, అవమానం, దిగులు ఇవన్నీ మనిషిని లోపల కొరికేవే. మగవాడికి ఏడవడం చేతకాదు, చేతకాదని మనమే చిన్నప్పుడు నేర్పాం. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అన్నది ఎవరు? మనమే గదా. దిగులుకి వాడికి తెలిసిన రూపం కోపం ఒక్కటే. సరే. కాని అదే ఫ్యాక్టరీలో, అదే రోజున, అదే జీతం పోగొట్టుకున్న మనిషి పక్క క్వార్టర్సులోనే ఉన్నాడు. ఆయన కూరగాయల బండి పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు నిద్రపట్టక పచార్లు చేశాడు. భార్య మీద చెయ్యెత్తలేదు. ఈ ఇద్దరి మధ్య తేడా ఏమిటి? కథకులకి ఇంతకంటె గొప్ప వస్తువు దొరుకుతుందా? ఫ్యాక్టరీ మూతపడిన బాధ మీద రాస్తాం, యాజమాన్యాన్ని తిడతాం. ఆ రెండు క్వార్టర్ల మధ్య గోడ దగ్గర ఎవరూ నిలబడరు.

2020లో వచ్చిన హిందీ సినిమా 'థప్పడ్' ఆ గోడ దగ్గర కాసేపు నిలబడింది. అందులో మొగుడు చదువుకున్నవాడు, ఉద్యోగస్థుడు. ఆఫీసులో తనకి రావలసిన స్థానం రాలేదని తెలిసిన రాత్రి, ఇంట్లో విందు జరుగుతుండగా పైవాళ్ళతో గొడవపడతాడు. ఆపడానికి వచ్చిన భార్యని అందరి ముందూ చెంపమీద కొడతాడు. కోపం పైవాళ్ళ మీద, చెయ్యి భార్య మీద. సినిమా మొత్తం ఆ ఒక్క దెబ్బ గురించే. మా బంధువులావిడ చూసి "ఒక్క దెబ్బకి ఇంత రాద్ధాంతమా" అంది. ఆవిడ అన్నదాంట్లోనే సినిమా విలువ తెలుస్తోంది. 2022లో వచ్చిన 'డార్లింగ్స్'లో భార్య, అంతా మందు వల్లే అనుకుని తాగుడు మాన్పించడానికి నానా తంటాలు పడుతుంది. చేటు సీసాలో లేదని చాలా పెద్ద మూల్యం చెల్లించాక తెలుస్తుంది. 70 పక్కన ఉన్న ఆ 23ని తెరకెక్కించిన సినిమా అది.

మన తెలుగులో ఏం వచ్చింది? 2017లో 'అర్జున్ రెడ్డి'. నేపథ్యం వైద్య కళాశాల, నాయకుడు డాక్టరు. వాడికి కోపం అదుపులో ఉండదని సినిమాయే మొదట చెప్పేస్తుంది, ప్రిన్సిపాలు చేత కూడా చెప్పిస్తుంది. తాగుతాడు, మత్తుమందులు వాడతాడు, ప్రేమించిన పిల్లని చెంపదెబ్బ కొడతాడు. చిత్రీకరణలో, నటనలో బలం ఉంది, కాదనను. కొట్టే మగవాడి లోపలికి కెమెరా పట్టుకెళ్ళిన తెలుగు సినిమా ఇదేనని కూడా ఒప్పుకుంటాను. పోయి, లోపల ఏం చూసింది? గాయపడ్డ హృదయం చూసింది. అంతే చూసింది! ఆ పిల్ల ముఖం మీద దెబ్బ పడ్డ క్షణంలో కెమెరా ఎవరి బాధని మోస్తోందో గమనించండి. వ్యాధి లక్షణాలన్నీ వరసగా పేర్చి, వాటికి ప్రేమ అని పేరుపెట్టింది. టైఫాయిడ్ పోయింది, గడ్డం వచ్చింది. ఫలితం ఒక్కటే, చివర్లో పిల్ల దొరుకుతుంది. ఆ దర్శకుడే 2019లో ఒక ఇంటర్వ్యూలో, ఒకరినొకరు కొట్టుకునే చనువు లేకపోతే ఆ ప్రేమలో ఏముందన్న ధోరణిలో మాట్లాడితే దేశమంతా గగ్గోలయింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. సినిమా ఆ మాట అప్పటికే చెప్పింది గదా.

ఇప్పుడు కొత్తగా ఒక మాట బయలుదేరింది. "వాడికి మెంటల్." ఇదివరకు కోపిష్టి అన్నచోట ఇప్పుడు ఇది. ఏదో డాక్టరు భాష మాట్లాడుతున్నట్టు ఉంటుంది గనుక చదువుకున్న ఇళ్ళల్లో బాగా చలామణీ అవుతోంది. దీని నిజానిజాలు కొంచెం చూడాలి. 2019లో స్వీడన్‌లో ఒక పెద్ద పరిశీలన వెలువడింది. మానసిక వ్యాధి ఉన్నట్టు తేలిన మగవాళ్ళను, ఆ వ్యాధి లేని వాళ్ళ సొంత తోబుట్టువులతోనూ పోల్చి చూశారు. భార్యలనూ స్నేహితురాళ్ళనూ హింసించి అరెస్టయ్యే ముప్పు తాగుడు, మత్తుమందుల అలవాటు ఉన్నవారిలో, వ్యక్తిత్వ రుగ్మతలున్నవారిలో బాగా ఎక్కువగా ఉంది. దిగులు జబ్బు ఉన్నవారిలోనూ కొంత ఎక్కువే. అయితే ఆ జబ్బులున్నవాళ్ళలో అత్యధికులు ఎవరినీ హింసించి అరెస్టు కాలేదు. ఈ రెండో ముక్క చెప్పకుండా మొదటిది చెప్పకూడదు. జబ్బుతో తనలో తాను కుమిలిపోతూ, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనుషులు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. కొట్టినవాడికల్లా 'మెంటల్' అని పేరు పెడితే ఆ పాపం వీళ్ళకి చుట్టుకుంటుంది. వైద్యానికి పోదామనుకున్నవాడు కూడా ఆ పేరుకి జడిసి ఇంట్లోనే ఉండిపోతాడు.

2013లో ఆసియా, పసిఫిక్ దేశాలు ఆరింటిలో పదివేల మందికి పైగా మగవాళ్ళనే కూర్చోబెట్టి అడిగిన పరిశీలన ఇంకొకటి ఉంది. మన దేశం అందులో లేదు గాని బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్నాయి, మనకి చుట్టాలే. దిగులు, తాగుడు అక్కడా కనపడ్డాయి. వాటి పక్కనే చిన్నతనంలో దెబ్బలు తినడం, తండ్రి తల్లిని కొడుతుంటే చూడటం, ఆడది చెప్పుచేతల్లో ఉండాలన్న నమ్మకం కూడా కనపడ్డాయి. జబ్బూ, బాల్యమూ, నమ్మకమూ పేనుకున్న తాడన్నమాట. ఒక్క పోగు లాగి 'ఇదే కారణం' అనడం కుదరదు.

ఆ నమ్మకం పోగు ఎంత గట్టిదో చెప్పే అంకె ఒకటి ఉంది, అది చెప్పాలంటే నాకే మొహం చెల్లదు. ఇందాకటి సర్వేలోనే అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకి కాదనడం, వంట సరిగా చెయ్యకపోవడం, అనుమానం, అత్తమామలకి మర్యాద ఇవ్వకపోవడం... ఈ ఏడింటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని. తెలంగాణలో నూటికి 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒకదానికి సబబే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. తెలంగాణ మగవాళ్ళలో ఆ మాట అన్నది 70 మంది! హిమాచల్ ప్రదేశ్‌లో ఆడవాళ్ళు 15 మందే. మా రాష్ట్రంలో మొగుడి చేతిలో హింస పడ్డవాళ్ళు నూటికి 37 మంది, ఆంధ్రలో 30 మంది.

"చూశారా, ఆడవాళ్ళకే అభ్యంతరం లేదు" అని మగవాళ్ళు ఈ అంకె పట్టుకుని చంకలు కొట్టుకుంటారని తెలుసు. తొందరపడొద్దు. ఆ ఏడు ప్రశ్నలూ ఇంకోసారి చదవండి. ఏదైనా గుర్తొస్తోందా? మన సీరియళ్ళ కథాంశాల పట్టికే! చెప్పకుండా పుట్టింటికి పోయిన భార్య, ఎదురుతిరిగిన కోడలు, ఉప్పు ఎక్కువైన పప్పు, అనుమానపు ఉత్తరం. అరవై ఏళ్ళుగా పత్రికల్లో, తర్వాత టీవీల్లో ప్రతి దెబ్బకీ ముందు ఒక తప్పు పెట్టి చూపించాం. దెబ్బ తినేది చివరికి నిర్దోషి అని తేలుతుంది, నిజమే. కాని తప్పు చేసి ఉంటే? ఉంటే దెబ్బ న్యాయమే అన్నది ఆ కథల్లో దాగిన మాట. మన నాయికలందరూ నిర్దోషులు కాబట్టే వాళ్ళ మీద జాలిపడ్డాం. నిజంగానే పప్పులో ఉప్పెక్కువ వేసి, నిజంగానే అత్తగారికి ఎదురుచెప్పి, నిజంగానే చెప్పకుండా సినిమాకి పోయిన ఒక మామూలు ఆడదాని పక్షాన నిలబడిన కథ ఉంటే ఆ 84 కొంత తగ్గేదని నా అనుమానం. నూటికి 77 మంది తమ మీద జరిగినదాన్ని ఎవరికీ చెప్పలేదట. చెబితే మొదట వచ్చే ప్రశ్న "నువ్వేం చేశావ్?" గనుక.

కొట్టేవాడి మనసు తెలుసుకోవాలని నేనంటుంటే ఒక స్నేహితురాలు కోప్పడింది. "వాడి బాల్యం, వాడి దిగులు, వాడి నౌకరీ, ఇవన్నీ మనమే అర్థం చేసుకుని, మళ్ళీ మనమే తన్నులు తినాలా?" అని. న్యాయమైన ప్రశ్న. అర్థం చేసుకోవడం ఇల్లాలి డ్యూటీగా పడకూడదు. అది రచయిత పని, డాక్టరు పని, కౌన్సెలరు పని. 2005లో గృహహింస చట్టం వచ్చింది, 2006 నుంచి అమల్లో ఉంది. 181కి ఫోన్ చేస్తే ఆదుకునే ఏర్పాటుంది. మనసు బాగోలేనివాడు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, 2022 నుంచి. ఆమెకి ఒక నంబరు, అతనికి ఒక నంబరు. అతను ఆ ఫోన్ చేసేదాకా ఆమె దెబ్బలు కాచుకుంటూ కూర్చోవాలని ఎక్కడా రాసిలేదు. మన కథలే ఈ రెంటినీ ఒకే దారంతో కుట్టేశాయి. ఆమె సహనం, అతని మార్పు. ఆ కుట్టు విప్పితే మంచి కథలు వస్తాయని నా నమ్మకం.

ఉదాహరణకి, మానుకున్నవాడి కథ. తెలుగులో మానుకున్నవాళ్ళంతా జ్వరంతో మానుకున్నవాళ్ళే అన్నాను గదా. రెంజల్‌లోనే జ్వరం లేకుండా మానుకున్నవాడొకడున్నాడు. పదేళ్ళ కొడుకు చెల్లెలి జుట్టు పట్టుకుని, అచ్చం తండ్రి తిట్టే తిట్టు తిట్టాడట. ఆయన విన్నాడు. సినిమా అయితే అక్కడ సంగీతం మోగి మనిషి మారిపోవాలి. మారలేదు. అన్నం ముందు నుంచి లేచి పోయాడు, ఆ రాత్రి తాగి వచ్చాడు. ఆ తర్వాత భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది, ఒకసారి కాదు, రెండుసార్లు. సంఘం ఆడవాళ్ళు వచ్చి మాట్లాడారు. నిజామాబాదులో డాక్టరు కల్లు మానడానికి మందులిచ్చాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ మొదలుపెట్టాడు. మొత్తం రెండేళ్ళు పట్టింది. ఏ వారానికి ఏ మలుపూ లేదు, సీరియల్‌కి బొత్తిగా పనికిరాని కథ.

ఇప్పుడు కోపం వస్తే లేచి చెరువు కట్ట మీదికి పోతాడట. ఒక్కోసారి గంటసేపు రాడు. వచ్చి మాట్లాడకుండా పడుకుంటాడు. మరి నమ్మకం కుదిరిందా అని అడిగాను ఆవిడని. బీడీకట్టకి దారం చుడుతూ, "ఇంక చూస్తున్న" అంది. కొట్టిన కట్టె అటక మీదనే ఉందట. తీసి పొయ్యిలో పెట్టరాదా అన్నాను.

"ఉండనియ్యి. ఆయనె తియ్యాలె."